కిరాయికి తెచ్చిన పేరు

ఎల్.బి.నగర్,
శ్రావణ శుక్రవారం

వదినగారు నాగేశ్వరి గారికి,

అండాలమ్మ నమస్కారాలు. ఇక్కడ బాలింత శ్రీకళ, మన మనుమరాలు ఇద్దరూ క్షేమం. పాప కడుపునిండా తాగుతోంది, నిద్ర మాత్రం కోడినిద్ర. మీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ దిల్‌సుఖ్‌నగర్‌కీ మా ఎల్.బి.నగర్‌కీ మధ్య మెట్రోలో కూర్చునేలోపే దిగాల్సి వస్తుంది. అయినా మనం ఈ వయసులో ఉత్తరాలు రాసుకునే గతి పట్టింది. మొన్న పాప పేరు గురించి మనిద్దరం ఫోన్లో మాట్లాడుకున్న తీరుకి పాప లేచి ఏడ్చింది. పక్క వాటావాళ్ళు ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చారు. ఇరవయ్యొకటో రోజు పెట్టాల్సిన పేరు ఆగిపోయింది. మీ అబ్బాయి నగేశ్ ఇద్దరి ఫోన్లలోంచీ నంబర్లు తీసేశాడు. "అత్తమ్మా, ఇగ మీరు మాట్లాడుకోవద్దు. ఏమన్న ఉంటే కాగితం మీద రాసియ్యుండ్రి. ఆఫీసు నుంచి ఎట్లాగూ ఇటే వస్త, మా అమ్మకు పట్టుకపోయి ఇస్త. రాసేటప్పుడన్న మీకు జర సిగ్గైతది" అన్నాడు. అల్లుడి మాట కాదనలేక రాస్తున్నాను.

శ్రీకళ షరతు మీకు తెలిసిందే. పేరు పాతకాలంది కావాలి, కానీ ఎవ్వరికీ ఉండకూడదు. ఎవ్వరికీ లేదని ఎలా తెలుస్తుంది? నిన్న చౌరస్తాలో ఒకావిడ "శ్రీకళా!" అని కూతురిని కేకేసింది. బస్సుకోసం నిలబడ్డ ఆడపిల్లలు సగంమంది వెనక్కి తిరిగారు. అక్కడే నాకొక ఉపాయం తోచింది. నేనొక పేరు రాస్తాను. మీరు మీ దగ్గర జనం ఉన్నచోట నిలబడి గట్టిగా పిలవండి. ఎవరైనా తిరిగితే ఆ పేరు క్యాన్సిల్. మీరు రాసిన పేరును నేనిక్కడ పిలుస్తాను. ఇందులో పోట్లాటకు తావు లేదు.

నా మొదటి పేరు బాలమణి. మా ఊళ్ళో ఇప్పుడు ఈ పేరు గలవాళ్ళెవరూ బతికి లేరు.

ఇట్లు,
అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
శ్రావణ బహుళ ఏకాదశి

వదినగారు అండాలమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. పాపను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. నా మోకాలు బ్రహ్మాండంగా ఉంది.

మీ పద్ధతి నాకు నచ్చింది. ఇన్నాళ్ళకు మీ నోట ఒక సబబైన మాట వచ్చిందని సంతోషించాను. ఈ ఉదయమే మా బస్టాండు ఎదుట, కాలు పెట్టే సందులేనంత జనంలో, "బాలమణీ!" అని పిలిచాను. వెంటనే తిరిగారు. ఎవరో ఏమిటో అనవసరం, తిరిగారన్నది ముఖ్యం. క్యాన్సిల్. బతికి లేరని మీరు రాశారు. మీ ఊళ్ళో లేకపోవచ్చు, మా దిల్‌సుఖ్‌నగర్‌లో అందరూ ఉంటారు.

నా పేరు రాస్తున్నాను, శ్రద్ధగా చదవండి. తాయారు. మా పుట్టింటివైపు తరానికొక తాయారు ఉండేది. ఎంత నిండుగా ఉందో చూడండి. అమ్మవారి పేరు. పలికితే నోరు తీపవుతుంది.

మా నగేశ్ "ఇస్త, వస్త" అని మాట్లాడటం మీ ఇంటికి రావడం మొదలెట్టాక ఎక్కువైంది. తెలియజేయడమే తప్ప నిష్ఠూరం కాదు.

ఇట్లు,
నాగేశ్వరి


ఎల్.బి.నగర్,
వినాయక చవితి దాటిన ఆదివారం

నాగేశ్వరి వదినగారికి,

మీ అబ్బాయి పుట్టి పెరిగిందే హైదరాబాద్‌లో. ఆ భాషకు మా ఇంటి కాఫీ కారణం కాదు.

తాయారు సంగతి వినండి. రింగ్ రోడ్డు దగ్గర హైవే పక్కన నిలబడి, అమ్మవారిని తలుచుకుని, "తాయారూ!" అని పిలిచాను. అక్కడ వరసగా ఉన్నవన్నీ టైర్ల షాపులని నాకు తట్టలేదు. పంక్చర్లు వేసే ఆయన పరుగున వచ్చాడు.

"ఏ టైరమ్మా? ముంగటిదా, ఎన్కదా?"

"టైరు కాదయ్యా, తాయారు."

"గదే, ఏ బండిది?"

ఆడపిల్ల పేరని చెబుదామని ఇంకోసారి పిలిచాను. రోడ్డుకు అవతల ఆటో ఆయన చెయ్యెత్తాడు. "తయార్ అమ్మా, తయార్! బైఠో!" అని నా కూరగాయల సంచీ లాక్కుని ఆటోలో పెట్టాడు. సంచీ కోసం నేనూ ఎక్కాను. అది పెద్ద అంబర్‌పేట్ పోయే షేర్ ఆటో. అక్కడిదాకా పోయి, తిరిగి అదే ఆటోలో వచ్చాను. దారి పొడుగునా ఎక్కినవాళ్ళందరికీ ఆయన "ఈమె జర పరేషాన్‌లో ఉన్నది, జరుగుండ్రి" అని చెప్తూనే ఉన్నాడు.

మీ అమ్మవారి మీద నాకు భక్తి ఉంది. కానీ పిల్ల రేపు కాలేజీకి పోతుంటే టైర్లవాళ్ళూ ఆటోవాళ్ళూ అందరూ పలికితే ఏం గావాలి? క్యాన్సిల్.

నా రెండో పేరు చంద్రవదన. పాపను చూసినవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటారు.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
బతుకమ్మ పండుగకు ముందు

అండాలమ్మ వదినగారికి,

తాయారును టైరుతో కలిపిన చెవులకు నా సానుభూతి.

చంద్రవదనను పిలిచాను. కోచింగ్ సెంటర్లు వదిలే వేళ, వీధంతా పిల్లలే. ఒక్కసారి పిలిచానో లేదో తిరిగారు. రెండోసారి పిలిస్తే చెయ్యి కూడా ఊపారు. క్యాన్సిల్. మీరు వెతికే పేర్లన్నీ మా వీధిలోనే కాపురం ఉండటం చిత్రంగా ఉంది.

ఇక లాభం లేదని మా ఇంటి పాత పేర్లలో అపురూపమైనది తీస్తున్నాను. పేరిందేవి. కంచి అమ్మవారి పేరు. హైదరాబాద్ మొత్తం గాలించినా ఇంకొకరు దొరకరు. దీన్ని వీధిలో పిలవాల్సిన పనికూడా లేదు. ఎక్కడైనా చెప్పి చూడండి, చాలు.

పాపకు జలుబు చేసిందని నగేశ్ అన్నాడు. పసుపు కొమ్ము కాల్చి వాసన చూపించండి. మీకు తెలియదని కాదు. పెద్దదాన్ని కనుక రాస్తున్నాను.

నాగేశ్వరి


ఎల్.బి.నగర్,
కార్తీక సోమవారం

నాగేశ్వరి వదినగారికి,

జలుబు తగ్గింది. మీరు నాకంటే పెద్ద అన్న సంగతి ఆధార్ కార్డులు పక్కన పెట్టుకుని ఇంకోరోజు తేల్చుకుందాం.

పాపకు టీకా వేయించడానికి శ్రీకళతో కలిసి దవాఖానకు పోయాను. సూది వేసే సిస్టర్ రెబెక్క మంచి మనిషి. కార్డు తీసి, "పాప పేరేంది?" అని అడిగింది. మీ పేరు చెప్పి చూద్దామని చెప్పాను.

"పేరిందేవి."

"అదేనమ్మా, పేరేంది?"

"పేరిందేవి అనే చెప్తున్న."

"దేవి సరే. ముంగట ఏంది?"

"పేరిం."

"పేరేమా? నన్నడుగుతవేందమ్మా, నీ మనుమరాలు గదా!"

వెనక నిలబడ్డవాళ్ళు రెండు జట్లయ్యారు. "ముసలామె మర్చిపోయినట్టుంది, పాపం" అని ఒక జట్టు, "సిస్టరే చెవుల దూది పెట్టుకున్నది" అని ఒక జట్టు. చివరికి ఆమె కార్డు మీద "పేరేంది దేవి" అని రాసి సంతకం పెట్టింది. పాప పెద్దదై ఎక్కడ పేరు చెప్పినా ఇదే తంతు. క్యాన్సిల్.

ఇక అసలు సంగతి. మీ అబ్బాయి అన్నం తింటూ నోరు జారాడు. వినాయక చవితి ముందునుంచీ మీరు మోకాలితో మెట్లు దిగనే లేదట. మరి బస్టాండులో నిలబడి బాలమణిని పిలిచింది ఎవరు? చంద్రవదనకు చెయ్యి ఊపింది ఎవరు? జవాబు రాయండి.

దానికంటే పెద్ద సంగతి ఇంకొకటి. మొన్న శ్రీకళ ఏదో పేరు చదువుతుంటే నేను "క్యాన్సిల్" అన్నాను. పక్కమీదున్న పాప టక్కున తల తిప్పి నన్ను చూసి బోసినోటితో నవ్వింది. మేము చిట్టీ అన్నాం, బుజ్జీ అన్నాం, బంగారూ అన్నాం. చూడలేదు. "క్యాన్సిల్" అంటే మళ్ళీ తిరిగింది. పుట్టినప్పటినుంచీ ఇంట్లో అది ఎక్కువగా విన్న మాట అదే.

శ్రీకళ ఏడుపు అందుకుంది. "నా బిడ్డ పేరు క్యాన్సిల్ అయిపోయిందే అమ్మా! మీ ఇద్దరి పంతానికి బడిల కూడ గదే రాయించాల్నా?" అంది. అన్నప్రాశన నాటికి మనం ఒక పేరు తేల్చకపోతే వాళ్ళే పెట్టుకుంటారట. ఫోన్లో వెతికి పెట్టుకున్నారు. జ్యిష్విక.

"దానికి అర్థమేంది బిడ్డా?" అని అడిగాను.

"అర్థం లేదత్తమ్మా. అందుకే ఎవ్వరికీ లేదు" అన్నాడు మీ అబ్బాయి.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
కార్తీక పౌర్ణమి మరునాడు

వదినా,

జ్యిష్విక అని పలకబోయాను. పై పళ్ళసెట్టు ఊడి పప్పుగిన్నెలో పడింది. ఈ ఘోరం జరగనివ్వకూడదు.

మీరు జవాబు అడిగారు. బస్టాండుకు పోలేదు. మెట్లు దిగలేక మా మూడో అంతస్తు బాల్కనీలోంచి పిలిచాను. బస్టాండు అక్కడినుంచి కనిపిస్తుంది కనుక అలా రాశాను. తిరగడం మాత్రం నిజం. బాలమణికీ, చంద్రవదనకూ తిరిగింది మా గేటు ఎదుట కొబ్బరిబొండాల బండి పెట్టుకునే మనిషి. మీరు అడిగాక నాకూ అనుమానం వచ్చి, నిన్న "సాంబమూర్తీ!" అని కేకేశాను. మళ్ళీ తిరిగాడు. పైకి పిలిపించి కూర్చోబెట్టాను.

"నీ పేరేమిటయ్యా?"

"అంతయ్య."

"మరి చంద్రవదనా అంటే చెయ్యెందుకు ఊపావు?"

"ఎవరో పిలుస్తనే ఉన్నరు, ఎవ్వరు పలుకుతలేరు. మనసొప్పలేదమ్మా. నేనన్న పలుకుదామని."

ఒక బొండాం కొనుక్కున్నాను.

అంటే మీ రెండు పేర్లనూ ఒక్క అంతయ్య కోసం కొట్టేశాను. ఇప్పుడు వాటిని మళ్ళీ పైకి తీయడం బాగుండదు. శ్రీకళ వాటిని అప్పుడే వద్దనేసిందట. నాకు ఓపిక లేదు, పోట్లాడే ఓపిక కూడా. మీరే ఇంకొక పేరు ఆలోచించండి. మీ ఎల్.బి.నగర్ వద్దు, మా దిల్‌సుఖ్‌నగర్ వద్దు. ఇద్దరిదీ కాని చోట పిలిచి చూడండి. మీ మాటే నా మాట.

పాప ఇప్పుడు బోర్లా పడుతోందట. నగేశ్ ఫోన్లో బొమ్మ చూపించాడు. నేను చూస్తుండగా పడితే బాగుండేది.

నాగేశ్వరి


ఎల్.బి.నగర్,
మార్గశిరం, గురువారం

వదినా,

మీ ఉత్తరం శ్రీకళ, నేను కలిసి చదివాం. తరవాత శ్రీకళే అంది, "అమ్మా, వకుళ ఎట్లుంటది?" అని. తిరుపతి కొండకు పోయినప్పుడు ఎక్కడో విన్నదట. నాకూ నచ్చింది. నోటికి సులువు, చెవికి చల్లన. టైర్ల షాపువాళ్ళతో పేచీ లేదు.

ఇద్దరిదీ కాని చోటు అన్నారు కదా, మూసారాంబాగ్ పోయాను. మెట్రో స్టేషన్లో, పైకి పోయే కదిలే మెట్ల దగ్గర నిలబడి "వకుళా!" అన్నాను. ఎవ్వరూ తిరగలేదు. రెండోసారి అన్నాను. తిరగలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి వదినా! ఆనందం పట్టలేక మూడోసారి గొంతు చించుకుని పిలిచాను. అదే కొంప ముంచింది. స్టేషన్లో పనిచేసే సాధన అనే పిల్ల నా చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. నాకు మంచినీళ్ళిచ్చి, పక్కవాళ్ళకు మైకులో చెప్పమంది. ఆ తరవాత వివరాలు అడగసాగింది.

"పాప వయసెంతమ్మా?"

"అయిదు నిండినయి."

"అయిదేండ్లా?"

"నెలలు."

"నెలల పిల్ల నడుచుకుంట యాడికి పోయిందమ్మా?"

"యాడికి పోలే. ఇంట్ల పండుకున్నది."

"మరెందుకు పిలుస్తున్నవు?"

"ఎవరన్న పలుకుతరేమోనని. పలుకొద్దు. పలుకకుంటే పేరు పెడతం."

ఆ పిల్ల నావైపు చూసిన చూపు మీకెలా చెప్పను? ఈలోగా పైన మైకులో వకుళ, వకుళ అని మోగిపోతోంది. వకుళ అనే పాప ఎక్కడున్నా దగ్గరున్నవాళ్ళు తీసుకురావాలట. ప్లాట్‌ఫారం మీద జనం బెంచీల కింద వంగి చూస్తున్నారు. ఒకాయన తన సొంత బిడ్డనే తెచ్చి "ఈమేనా?" అని చూపించి తీసుకుపోయాడు.

అప్పుడు తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. ఒక ముసలామె, చేతిలో ఎక్స్‌రే కవరు. మలక్‌పేట దవాఖాన నుంచి ఇంటికి పోతూ రైలు కోసం పైన కూర్చుని, మైకు విని మెట్లు దిగి వచ్చిందట. ఎగపోస్తూ, "నేనే. నన్ను పిలిచిన్రంట. ఎవరొచ్చిన్రు? మా తమ్ముడా?" అంది.

సాధన, "అవ్వా, మేము చిన్నపాప కోసం చెప్పినం" అంది.

"నేను కూడ చిన్నపాపనే ఉంటి" అంది ఆమె.

కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆమె అసలు పేరు వకుళ. పెళ్ళయి వచ్చిననాడు చూస్తే అత్తగారిదీ అదే పేరట. భర్త తన తల్లి పేరుతో పెళ్ళాన్ని పిలవలేడు కదా, గడప దాటకముందే సరోజన అని మార్చేశారట. కార్డుల్లో, దవాఖాన చీటీల్లో అంతటా సరోజనే. పుట్టింటివాళ్ళు పోయాక వకుళ అన్నవాళ్ళు లేరు. తమ్ముడు ఒకడు మిగిలి, వాడూ పోయాడు. పోయాడని తెలిసి కూడా మైకులో వినగానే వాడే వచ్చాడనుకుందట.

ఆమె తిరిగింది కనుక నియమం ప్రకారం పేరు పోయినట్టే. అయినా నా నోరు ఊరుకోక, "అక్కా, మీ పేరు మా మనుమరాలికి పెట్టుకుంటం" అన్నాను.

"ఇయ్యను" అంది.

"పెట్టుకుంటే మీది తరుగుతదా?"

"నా కాడ నాదని ఉన్నది గదొక్కటే. అది కూడ వాడలే. కొత్తగనే ఉన్నది." కాసేపు ఎక్స్‌రే కవరు మడతలు సరిచేసుకుంది. "కావాలంటే కిరాయికి ఇస్త."

"ఎంతకు?"

"పైసలు నాకెందుకు? నెలకొకపారి నన్ను గా పేరుతోని పిలువుండ్రి. సరోజన అనొద్దు, అవ్వ అనొద్దు. ఏ నెల పిలువకుంటే ఆ నెల పేరు వాపస్ తీసుకుంట."

సాధన నోరు మూసుకుని నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె దగ్గర చిన్న ఫోను ఉంది, నంబరు రాసుకొచ్చాను, ఈ కాగితం వెనక రాశాను. మెట్లు ఎక్కించి రైలు ఎక్కించాను.

నియమం పెట్టింది నేనే. ఇప్పుడు ఏం చేయాలో తెలియక మీకు రాస్తున్నాను. ఇంట్లో ఆ ఇంగ్లీషు మాట అనడం మానేశాం కనుక, కాదంటే కాదని రాయండి.

అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
పుష్య మాసం, మంగళవారం

వదినా,

మీ ఉత్తరం తెచ్చిన రోజున నగేశ్‌ను గుమ్మంలోనే నిలబెట్టి చదివాను. వాడు "అమ్మా, కిరాయికంటే అగ్రిమెంట్ రాసుకోవాల్నా?" అన్నాడు. వాడి భాష గురించి నేనిక ఏమీ రాయను.

కాదనడానికి నేనెవరిని? ఇన్ని నెలలు ఎవరూ తిరగని పేరు కావాలని ఊరందరినీ పిలిచాం. తీరా ఒక మనిషి ఆ పేరు విని, నొప్పికాలితో అన్ని మెట్లు దిగి వచ్చింది. ఆవిణ్ణి వెనక్కి పంపి పేరు పెట్టుకోలేం, ఆవిడ వచ్చిందని పేరు వదులుకోనూలేం. కిరాయికే ఖాయం చేయండి. అన్నప్రాశన, నామకరణం ఒకరోజే మా ఇంట్లో పెట్టుకుందాం. నేను మెట్లు దిగలేను కనుక మీరే అందరూ ఎక్కి రావాలి.

ఆవిణ్ణి పిలవాలి కదా అని నిన్న మధ్యాహ్నం ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఎత్తగానే "హలో, వకుళగారేనా?" అన్నాను.

అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"వకుళగారూ, మేము మూసారాంబాగ్‌లో మీ పేరు అడిగినవాళ్ళం" అన్నాను.

"వినపడ్తలేదు. మల్లొకసారి అను" అంది.

"వకుళగారూ!"

"లైను మంచిగ లేదమ్మా. ఇంకొకసారి."

నేను ఉద్యోగం చేసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వదినా. జీవితమంతా లైన్లు కలపడమే నా పని. ఆ లైనులో వాళ్ళ వంటింట్లో కుక్కరు ఆవిరి సన్నగా కూయడం కూడా నాకు వినిపిస్తోంది. అయినా లేచి, తలుపు వేసుకుని వచ్చి, మళ్ళీ పిలిచాను. మెల్లిగా ఒకసారి, గట్టిగా ఒకసారి. చివరికి "గారు" తీసేసి, చిన్నప్పుడు మా చెల్లెలిని పిలిచినట్టు, "వకుళా!" అన్నాను.

"ఆఁ, వస్తున్న" అంది.

ఈ నెలది కట్టేశాను. వచ్చే నెల మీ వంతు. గట్టిగా పిలవండి.

నాగేశ్వరి